చేతులెత్తి నడిచిన అరవై మీటర్లు

దుబోవెట్స్,
19 సెప్టెంబరు 2023, మంగళవారం.

వాల్తర్‌కి,

హుబెర్ట్ రాస్తున్నాను. ఇక్కడ నేనూ, ఎరికా, రెండు మేకలూ బాగానే ఉన్నాం. నా ఎడమ మోకాలు మాత్రం నాతో పొసగక వేరుకాపురం పెట్టింది. మీ ఇంట్లోనూ అందరూ ఆరోగ్యంగానే ఉన్నారని అనుకుంటున్నాను. మీ అమ్మ ట్రౌడా పిన్ని సంగతి అనుకోనక్కర్లేదు, కళ్ళారా చూశాను. నిన్న పొద్దున స్టూలెక్కి కిటికీ అద్దాలు తుడుస్తోంది. తొంభై మూడేళ్ళ మనిషి స్టూలెక్కితే కింద పట్టుకోవడానికి ఒకడుండాలి. నువ్వున్నావో లేదో మా వంటింట్లోంచి కనపడలేదు.

మన రెండిళ్ళ మధ్య ఒక వీధి, ఒక మురుగుకాలవ. అంత దూరానికి స్టాంపు అంటించి ఉత్తరం రాస్తున్నావేంటని ఎరికా అడిగింది. ఇది ఇక్కణ్ణుంచి ఒస్త్రావా దాకా వెళ్ళి, అక్కడ ముద్ర వేయించుకుని, మళ్ళీ మన వీధికే వస్తుంది. రెండు రోజులు పడుతుంది. నాకు అదీ నయమే. ఈ నాలుగేళ్ళలో నేను మీ గేటు దాకా ఏడుసార్లు వచ్చాను. ఏడుసార్లూ నేను గొళ్ళెం మీద చెయ్యి వెయ్యగానే నువ్వు పెరట్లో రంపం మిషను స్టార్ట్ చేశావు. చలి పోయాక, మే నెలలో ఏ మనిషికీ అన్ని కట్టెలతో పనుండదు. ఉత్తరమైతే రంపం చప్పుడులో కూడా చదువుకోవచ్చు.

ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పేస్తాను, లేకపోతే నా అలవాటు నీకు తెలుసు, మేకల దగ్గర మొదలెట్టి వాతావరణం దాకా వెళ్ళిపోతాను. నేను ట్రౌడా పిన్నికి క్షమాపణ చెప్పుకోవాలి. ఆవిడ ఎదురుగా కూర్చుని, నా నోటితో. దానికి నువ్వు గేటు తియ్యాలి. నాలుగేళ్ళు ఆగాను, ఇంకో నాలుగేళ్ళు ఆగే వయసు ఆవిడకి లేదు. నా మోకాలికీ లేదు.

ఇంక కబుర్లు.

తొమ్మిదో తారీకు శనివారం విమానాల పండగ జరిగింది. మీ పెరట్లోంచి చప్పుడు వినే ఉంటావు. జనం ఎనిమిది వేలు వచ్చారని నిర్వాహకులు చెప్పారు, అందులో నాలుగు వేలు వేయించిన సాసేజీల వరసలోనే ఉన్నారని నా లెక్క. జెట్లు వచ్చి చెవులు పగలగొట్టి వెళ్ళాయి. తర్వాత మన క్లబ్బు వంతు, నలభై అయిదు ఏప్రిల్ యుద్ధాన్ని వేషాలు కట్టి పదమూడు నిమిషాల్లో ఆడి చూపించడం. ఎప్పటిలాగే మన చెకోస్లొవాక్ ట్యాంకు బ్రిగేడు తూర్పు వైపు నుంచి వచ్చి జర్మన్ల చేతుల్లోంచి ఊరిని విడిపించింది. బ్రిగేడు అంటే ఒక ట్యాంకు. దాని కమాండరు మన ఒత్మారే. కసాయి కొట్టు పెట్టిన ముప్ఫై ఏళ్ళలో అమ్మినదాంట్లో సగం వాడే తిన్నాడు కాబట్టి ఇప్పుడు ట్యాంకు మూతలోంచి దిగడం వాడికి కుదరటం లేదు. పొద్దున తొమ్మిదింటికి ఎక్కి కూర్చుంటాడు, యుద్ధం మధ్యాహ్నం రెండింటికి. మధ్యలో బీరు పైకి అందిస్తున్నాం. వీరుడిలా ఉన్నాడని జనం ఫొటోలు తీసుకుంటున్నారు.

వసంతంలో కందకాలు తవ్వే పనికి రెండు రోజులు ఎగ్గొట్టినవాడు ఆ ఏడాది జర్మన్ అవ్వాలన్న నియమం అలాగే ఉంది. దాని పుణ్యమా అని కందకాలు లోతుగా వచ్చాయి, జర్మన్లే దొరకడం మానేశారు. అందరికీ గెలిచేవైపే కావాలి. పదకొండేళ్ళు ఒక్క రోజు పని ఎగ్గొట్టకుండా, ఎవరూ అడక్కుండా ఆ బూడిదరంగు కోటు వేసుకున్నది నువ్వొక్కడివే. చివర్లో చేతులెత్తి మైదానం దాటి లొంగిపోయే సైనికుడి వేషం నీది కాక ఇంకెవరిదని మేం ఎప్పుడూ అనుకోలేదు.

నువ్వు మానేశాక రెండేళ్ళు ఆ జబ్బు గొడవతో పండగే లేదు. కిందటేడు మళ్ళీ మొదలైనప్పుడు సరిహద్దు అవతల రాచిబుజ్ నుంచి జిగ్మంట్ అనే పోలండు ఆయన్ని అరువు తెచ్చుకున్నాం. పోస్టుమన్. లొంగిపోవడానికి వస్తున్నవాడు రిజిస్టరు ఉత్తరం ఇవ్వడానికి వస్తున్నట్టు వచ్చాడు. చివర్లో లొంగిపోయేవాడి మీదుగా వెళ్ళాల్సిన విమానం ఇంకా అడవి మీద ఉండగానే ట్యాంకు దగ్గరికి చేరిపోయాడు. విమానం వచ్చేసరికి ఒత్మారూ వాడూ పుట్టగొడుగుల గురించి మాట్లాడుకుంటున్నారు.

ఈ ఏడు జిగ్మంట్ రానన్నాడు. జూన్‌లో ఒత్మార్ కొట్టు వెనక గదిలో మీటింగు. లొంగిపోయేది ఎవరని ఒత్మార్ అడిగాడు. పద్దెనిమిది మంది పైకప్పు చూశారు. నేను చెయ్యెత్తాను. లొంగిపోయేవాడికి ముందు రావాల్సింది అదే కదా అన్నాను. నవ్వారు. మరి జనానికి కథ చెప్పే మైకు ఎవరు పట్టుకుంటారని ఒత్మార్ అడిగాడు. ఇంకెవరన్నా పట్టుకోండి, నాకు విసుగొచ్చింది అన్నాను. అది అబద్ధమని గదిలో అందరికీ తెలుసు. మోకాలు పాడయ్యాక తొమ్మిదేళ్ళుగా ఆ మైకు నా చేతిలోనే ఉంది. ఎరికాతో మాట్లాడిన దానికన్నా దానితో మాట్లాడిందే ఎక్కువ.

మైకు బ్లాంకాకి ఇచ్చాం. నీకు తెలీదు ఆ పిల్ల. మన బడిలో చరిత్ర చెప్తుంది, ఒలొమౌట్స్ వైపు నుంచి కోడలిగా వచ్చింది. గొంతు బాగుంటుంది, రేడియోలో వాతావరణం చదివేవాళ్ళలాగ. నేను తొమ్మిదేళ్ళుగా చదివే కాగితాలు, నాలుగు షీట్లు, ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇచ్చాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ నవ్వుతారో అన్నీ పక్కన రాసి ఉన్నాయి, నీకేం కష్టం లేదమ్మా అన్నాను.

కోట్లకి గుండీలు కుట్టుకునే రోజు తను నన్ను పక్కకి పిలిచి ఒక మాట అడిగింది. ఈ దేశంలో ఏ క్లబ్బుకి వెళ్ళినా జర్మన్ కోట్లు కొత్తగా కుట్టించినవే ఉంటాయి, మీ దగ్గరే ఇన్ని అసలువి ఎలా ఉన్నాయి, హల్ఫార్ గారూ అని. మన సంగతి బయటివాళ్ళకి చెప్పడం ఎంత అవస్థో నీకు తెలుసు. ముప్ఫై ఎనిమిదిలో సరిహద్దు గీత జరిగిందని, మిగతా దేశానికి ఒక గతి పడితే మన ఊళ్ళు తిన్నగా జర్మనీలోనే కలిసిపోయాయని, మగపిల్లలకి పదిహేడు నిండగానే జర్మన్ సైన్యంలో చేరమని కాగితం వచ్చేదని, వెళ్ళకపోతే ఇంట్లోవాళ్ళని పట్టుకునేవారని చెప్పాను. యుద్ధం అయిపోయి తిరిగొచ్చినవాళ్ళని పక్క ఊళ్ళవాళ్ళు ఎలా చూశారో కూడా చెప్పాను. అందుకే ఫొటోలు గోడ మీద కాక సొరుగుల్లో అడుగున ఉంటాయని, కోట్లు అటకమీద ఉంటాయని, వాటి గురించి ఏ ఇంట్లోనూ మాట్లాడరని.

తను శ్రద్ధగా విని, మరి మీ ఇంట్లోనో అని అడిగింది.

మా నాన్న వెళ్ళలేదమ్మా, అడవిలో చెట్లు కొట్టేవాళ్ళ మధ్య దాక్కున్నాడు అని చెప్పాను. ఊరంతటికీ తెలిసిన సంగతే. నాన్న పోయినప్పుడు సమాధి దగ్గర ఫాదర్ గారు కూడా అదే చెప్పారు. నువ్వూ అక్కడే ఉన్నావు.

సరే, శనివారం. మధ్యాహ్నం ఇరవై ఎనిమిది డిగ్రీలు. ఆ ఉన్ని కోటు ఎంత బరువో, లోపల ఎంత ఉక్కో నాకు అప్పటిదాకా తెలీదు. మైకు పెట్టె దగ్గర గొడుగు కింద కూర్చుని, వాల్తర్ ఈసారి చెమటలు కారుస్తూ వస్తున్నాడు చూడండి అని ఏటేటా చెప్పినవాణ్ణి నేను. కందకంలో పదకొండు నిమిషాలు బోర్లా పడుకున్నాను. నా ముక్కుకి జానెడు దూరంలో చీమలు వాటి యుద్ధం అవి చేసుకుంటున్నాయి, వాటికి మైకులో చెప్పేవాడు కూడా అక్కర్లేదు. ఉత్త మందుగుండు తూటాలైనా నెత్తి మీద పేలుతుంటే చెవి ఉత్తదని అనుకోదు. అగ్నిమాపకం వాళ్ళు పొగ డబ్బాలు ఎక్కువ పెట్టినట్టున్నారు, దగ్గు ఆపుకోలేకపోయాను. చచ్చినవాడు దగ్గితే జనం చూస్తారు, బతికున్నవాడు దగ్గితే ఏం కాదు. నేను చివర్లో బతికుండాల్సిన ఒక్కడిని, అందుకని దగ్గాను.

ఒత్మార్ సైగ చెయ్యగానే లేచాను. రైఫిలు కింద పెట్టాను. చేతులెత్తాను.

వాల్తర్, నీకు నిజం చెప్పాలి. నువ్వు నడిచేటప్పుడు మరీ మెల్లగా నడుస్తావని నేను ప్రతి ఏడూ మీటింగులో అరిచేవాణ్ణి. విమానం వచ్చేసరికి నువ్వు మధ్యలోనే ఉంటున్నావని, టైము కుదరట్లేదని, కాస్త కాళ్ళు కదపరా అని. మరుసటేడు మళ్ళీ అంతే మెల్లగా నడిచేవాడివి. మా వాడికి లొంగిపోవడం కూడా బద్ధకమే అని మైకులో ఒకసారి అన్నాను.

అరవై మీటర్లు. చేతులు పైకెత్తి ఇరవై అడుగులు వేసేసరికి భుజాల్లో మంట మొదలయింది. ఎదురుగా ట్యాంకు, దాని గొట్టం నా వైపే ఉంది. అందులో ఉన్నది ఒత్మార్ అని, వాడి కడుపులో నాలుగు బీర్లున్నాయని నాకు తెలుసు. అయినా కాలు తొందరగా పడలేదు. తొందరగా వెళ్తే ఎవరో ఏదో అనుకుంటారు, మెల్లగా వెళ్తే ఇంకేదో అనుకుంటారు, వాళ్ళు ఏం అనుకోకుండా ఉండే నడక ఒకటుంటుంది. అది నీ నడక. నేను మోకాలితో దాన్ని పట్టుకోలేకపోయాను, కానీ ఎందుకు అలా నడిచేవాడివో అర్థమయింది. మీ నాన్న రైన్‌హోల్డ్ గారు ఒపావా అవతల బీట్‌దుంపల చేలో నిజంగానే చేతులెత్తి అలా నడిచారని, ఎన్ని అడుగులు వేశారో ముసలితనంలో కూడా లెక్క చెప్పేవారని నువ్వు నాతో ఒకే ఒక్కసారి అన్నావు. అప్పుడు నేను ఏదో జోకు వేసి ఉంటాను. గుర్తు లేదు. వేసి ఉంటాను.

విమానం నా నెత్తి మీదుగా వెళ్ళింది. దాని నీడ నా మీద పడినప్పుడు, కాగితంలో రాసి లేకపోయినా, నేను వంగిపోయాను. జనం మాట్లాడ్డం మానేశారు. ఎనిమిది వేలమంది ఒకేసారి నోరు మూసుకుంటే గడ్డి మీద మన బూట్ల చప్పుడు మనకే వినపడుతుంది.

అప్పుడు బ్లాంకా గొంతు వచ్చింది. ఆ పిల్ల తప్పేమీ లేదు, తను కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివింది.

"ఈయనకి రిహార్సలు అక్కర్లేదండీ. చేతులెత్తడం వీళ్ళింట్లో నాన్న దగ్గర నేర్చుకున్న విద్య."

తర్వాత ఆగింది. ఎందుకంటే కాగితంలో ఆ వాక్యం పక్కన నా చేతిరాతతో, ఎర్ర ఇంకుతో, "ఆగాలి. నవ్వుతారు" అని రాసి ఉంది. ఆగింది. నవ్వారు.

నాలుగేళ్ళ కిందట నేను నీ గురించి అన్నమాట అది. ఆ రోజు అప్పటికప్పుడు నోట్లోంచి వచ్చింది, అక్షరమక్షరం నీకు గుర్తుండే ఉంటుంది. నీకు తెలియనిది ఏంటంటే, దాన్ని నేను తర్వాత కాగితంలో ఎక్కించాను. జనం బాగా నవ్వారు కదా అని. కిందటేడు జిగ్మంట్ మీద కూడా చదివాను, అతని నాన్న గనుల్లో పని చేశాడు, మనిషికి అర్థం కాక చెయ్యి ఊపాడు. ఎవరు లొంగిపోతే వాళ్ళకి అదే వాక్యం. ఈ ఏడు లొంగిపోయేది నేనని జూన్ నుంచి తెలుసు. కాగితాలు ఇచ్చేముందు ఒక్కసారి తిరగేసి ఉంటే సరిపోయేది. తిరగెయ్యలేదు. నా రాత నాకు కంఠతా వచ్చని పొగరు.

నవ్వు అంటే ఎలా ఉంటుందో మైకు దగ్గర కూర్చుంటే తెలీదు. అక్కడ అది నీకు వచ్చే బహుమతిలాగ ఉంటుంది. మైదానం మధ్యలో చేతులెత్తి నిలబడితే వేరే. చేతులు పైన ఉన్నాయి, దించడానికి లేదు. మొహం అడ్డుపెట్టుకోవడానికి కూడా లేదు. మిగిలిన ఇరవై మీటర్లు ఎలా నడిచానో చెప్పలేను. ట్యాంకు దగ్గరికి చేరాక ఒత్మార్ పైనుంచి వంగి, మైకుకి వినపడకుండా, "ఒరేయ్ హుబెర్ట్, మొహం భలే పెట్టావురా, నిజంగా ఓడిపోయినవాడిలాగే ఉన్నావు" అన్నాడు. మోకాలు నొప్పిరా అన్నాను.

ఆ తర్వాత వేషం విప్పకుండా గుడారం వెనక కూర్చున్నాను. నాలుగేళ్ళ కిందటి ఆ రోజంతా కళ్ళముందు తిరిగింది. నువ్వు మైదానం మధ్యలో ఉన్నావు. ముందు వరసలో ట్రౌడా పిన్ని, ఇంటి నుంచి తెచ్చుకున్న మడత కుర్చీలో, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని. నేను ఆ మాట అన్నాను, నవ్వారు, పిన్ని లేచింది. పక్కనున్న ఎవరో సాయం చెయ్యబోతే వద్దని తల ఊపింది. కుర్చీ తనే మడిచింది. ఆ కుర్చీ మడత ఒకసారికి పడదు, రెండోసారికి పడింది. దాన్ని చంకలో పెట్టుకుని బస్టాపు వైపు నడిచింది. నువ్వు చేతులు దించలేదు. ట్యాంకు దాకా వెళ్ళాకే దించావు.

మర్నాడు నువ్వు యూనిఫాం ఉతికి, ఇస్త్రీ చేసి, ఒత్మార్ కొట్టు బల్ల మీద పంది కాళ్ళ పక్కన పెట్టావు. నేనూ అక్కడే ఉన్నాను, గుర్తుందిగా. ఏంట్రా ఇది, జోకుకి ఇంత కోపమా, నా పెళ్ళిలో నా పెళ్ళాం మీదే జోకులేశాను నేను అన్నాను. నువ్వు నన్ను చూడలేదు. ఒత్మార్‌తో చెప్పావు:

"మా అమ్మ మొట్టమొదటిసారి వచ్చింది."

అంతే అన్నావు. పదేళ్ళు పిలిస్తే రాని మనిషి, భర్త వేసుకున్నలాంటి కోటుని కొడుకు ఒంటి మీద చూడలేనన్న మనిషి, ఆ ఏడు వస్తానని తనంతట తనే అందని ఒత్మార్ నాకు తర్వాత చెప్పాడు. ఆ సంగతి నాకు ముందు తెలియదు. తెలిస్తే అనేవాణ్ణి కాదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

సాయంత్రం బ్లాంకా కవరు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చింది. ఎలా చదివానండీ అని అడిగింది. బాగా చదివావమ్మా, ఆ ఒక్క వాక్యం కొట్టెయ్యి అన్నాను. ఎందుకండీ, నవ్వారు కదా అంది. నవ్వారు, అందుకే అన్నాను. తెలివైన పిల్ల, ఇంకేం అడక్కుండా పెన్ను తీసి అక్కడే కొట్టేసింది. పక్కన ఎర్ర ఇంకుతో ఉన్నదాన్ని కూడా కొట్టేసింది. ఆ గీత గీస్తుంటే నాకు పన్ను పీకించుకున్నట్టు అనిపించింది, నొప్పీ, హాయీ.

ఇదీ సంగతి. నేను మంచివాణ్ణి అయిపోయానని రాయడం లేదు. నువ్వు క్లబ్బుకి తిరిగి రావాలని కూడా అడగను, అది నీ ఇష్టం. నేను అడిగేది ఒక్కటే. ఆదివారం పూజ అయ్యాక, పదకొండున్నరకి, మీ ఇంటికొస్తాను. గేటు తియ్యి. పిన్ని ముందు కూర్చుంటాను, చెప్పాల్సింది చెప్తాను, ఆవిడ వెళ్ళమంటే వెళ్తాను. కాఫీ అక్కర్లేదు. ఎరికా ఆలూబుఖారా కేకు పంపిస్తానంటోంది, అది మాత్రం తీసుకోండి, మీరు తీసుకోకపోతే నేనే తినాలి, తీపి తినొద్దని డాక్టరు చెప్పాడు.

రంపం మిషను ఆదివారం వద్దు. పూజ రోజు పనేంటని ఫాదర్ గారు ఏమన్నా అంటారు.

పిన్నికి నా నమస్కారం చెప్పు. చెప్పబుద్ధి కాకపోతే చెప్పకు, నేనే వచ్చి చెప్పుకుంటాను.

నీ చిన్నప్పటి నుంచి ఉన్న ఎదురింటి గొడవ,
హుబెర్ట్

తా.క.: ఉత్తరం అంటించేశాను. ఎరికా చదవలేదు, కానీ, అది రాశావా అని అడిగింది. రాయలేదన్నాను. అయితే ఎందుకు పంపించడం, స్టాంపు దండగ అంది. కవరు చింపి మళ్ళీ కూర్చున్నాను.

మా నాన్న అడవిలో లేడు.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు తేనెపెట్టె మీద రేకు మారుస్తుంటే అడుగు పలకల మధ్య నూనెగుడ్డలో చుట్టిన పుస్తకం దొరికింది, జర్మన్ సైనికుల దగ్గర ఉండేది, జీతమూ దెబ్బలూ అన్నీ రాసేది. మా నాన్న పేరు, ఫొటో. నలభై నాలుగు జనవరిలో చేరాడు. మీ నాన్న చేరిన రోజే, మీ నాన్న కంపెనీయే. ఏంటి నాన్నా ఇది అని అడిగాను. అడవిలో ఉన్నానని చెప్పానుగా అన్నాడు. సరే అన్నాను. ఆ తర్వాత ఆయన పోయేదాకా ఇరవై రెండేళ్ళు ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

అందుచేత ఆ రోజు నోరు జారలేదు వాల్తర్. నువ్వు మైదానంలో నడుస్తున్నావు, జనం గప్‌చుప్‌గా ఉన్నారు, నీ నడకలో నాకు మా నాన్న కనపడ్డాడు. ఆ నిశ్శబ్దం ఇంకో నిమిషం ఉంటే అందరూ తిరిగి నన్ను చూస్తారనిపించింది. చేతిలో మైకుంది. వాళ్ళ కళ్ళు నా మీదకి రాకుండా మీ ఇంటి మీదకి తిప్పాను. నవ్వు బాగా పనికొస్తుంది దానికి.

ఆ రోజు అక్కడున్న అంత జనంలో ఒక్క మనిషికి నిజం తెలుసు. ఇద్దరు కుర్రాళ్ళూ ఒకే లారీ ఎక్కి వెళ్ళడం పద్నాలుగేళ్ళ ట్రౌడా వీధి చివర నిలబడి చూసింది. ఆవిడ లేచేటప్పుడు నీ వైపు చూడలేదు, మైకు పెట్టె వైపు చూసింది. అక్కడే ఒక్క మాట అనొచ్చు, అనలేదు. నీకు కూడా చెప్పి ఉండదు, చెప్పి ఉంటే నువ్వు రంపంతో సరిపెట్టేవాడివి కాదు. ఆదివారం నేను చెప్పుకోవాల్సింది ఇది. మా నాన్న సంగతి ఆవిడ ఇంక మోయక్కర్లేదు.

నిన్న క్లబ్బులో చెప్పేశాను, అందరి ముందూ. పద్దెనిమిది మందీ మళ్ళీ పైకప్పు చూశారు. చివరికి ఒత్మార్ గొంతు సవరించుకుని, "ఏ రెజిమెంటు?" అని అడిగాడు. నంబరు చెప్పాను. లేచి వెళ్ళి పుస్తకం తీశాడు. ఆ నంబరుకి భుజం పట్టీ అంచు తెలుపు ఉండాలని వాడు, కాదు నలభై నాలుగు తర్వాత ఆకుపచ్చని ఇంకొకడు, అరగంట కొట్టుకున్నారు. నేను మధ్యలో కూర్చుని వింటున్నాను. మా నాన్న గురించి నా ఎదురుగా మనుషులు మామూలుగా మాట్లాడుకోవడం అదే మొదటిసారి. తేలలేదు. మీ నాన్నదీ అదే కంపెనీ కాబట్టి, దానికి జవాబు తెలిసినవాడివి నువ్వొక్కడివేనని చివరికి అందరూ ఒప్పుకున్నారు.